బస్తర్‌పై రాసిన పుస్తకాలు బస్తర్‌కు చేరేదెప్పుడు? ‘ఓపెన్ యాక్సెస్’ విధానంలో దంతెవాడకు కావలసిందేమిటి?

2025 జనవరి 1న దంతెవాడకు సంబంధించి ఒక చట్టపరమైన మార్పు చోటుచేసుకుంది. దానికి ప్రభుత్వ ఉత్తర్వు లేదు, ప్రకటన లేదు. బస్తర్ ఆదివాసుల జీవితంపై విస్తృతంగా రాసిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1964 ఫిబ్రవరి 22న కన్నుమూశారు. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి అరవై ఏళ్లపాటు ఆయన రచనలపై హక్కులు కొనసాగుతాయి. ఎల్విన్ విషయంలో ఆ గడువు 2024 డిసెంబరు 31తో ముగిసింది. ఆయన జీవించి ఉండగా వెలువడిన పుస్తకాలను ఇప్పుడు భారతదేశంలో ఎవరి అనుమతీ లేకుండా అచ్చువేయవచ్చు, అనువదించవచ్చు, ఇంటర్నెట్‌లో ఉంచవచ్చు.

ఆ పుస్తకాల్లో ‘మరియా మర్డర్ అండ్ సూసైడ్’ను 1943లో, ‘ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్’ను 1947లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. మొదటి పుస్తకానికి ఆధారం దంతెవాడ పరిసరాల్లో నివసించే దండామి మరియాల జీవితం. నాట్యవేళ అడవిదున్న కొమ్ముల తలపాగా ధరించే సముదాయంగా వీరు ప్రసిద్ధులు. ఒక తరం గురించి రాసిన ఆ పుస్తకం, ఆ తరం మనుమలకు, మునిమనుమలకు చట్టపరమైన అడ్డు లేకుండా అందడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది.

ఇది గతానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. నేడు బస్తర్‌పై పరిశోధన చేసి పుస్తకం రాసిన పండితుడు మరో ముప్పై ఏళ్లు జీవిస్తే, ఆ పుస్తకం తొంభై ఏళ్ల తర్వాత గానీ సార్వజనికం కాదు. ఈ నిరీక్షణను తప్పించే మార్గాలే స్వేచ్ఛా లైసెన్సులు, ‘ఓపెన్ యాక్సెస్’ ప్రచురణ. విజ్ఞానశాస్త్ర పత్రికల విషయంలో ఈ చర్చ ప్రపంచమంతటా చాలా దూరం సాగింది. పుస్తకాల విషయంలో, ముఖ్యంగా భారతదేశంలో, అది ఇంకా తొలి మెట్లపైనే ఉంది.

చదవనివ్వడం వేరు, వాడుకోనివ్వడం వేరు

పండిత రచనలు ఇంటర్నెట్‌లో రుసుము లేకుండా, వీలైనంత తక్కువ ఆంక్షలతో లభించాలన్న ఆశయాన్ని 2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్ట్ ప్రకటన స్పష్టమైన రూపంలో ప్రపంచం ముందుంచింది. అదే ఏడాది డిసెంబరులో క్రియేటివ్ కామన్స్ సంస్థ తన తొలి లైసెన్సులను విడుదల చేసింది. రచయిత తన కాపీరైట్‌ను వదులుకోకుండానే, ఇతరులకు ఏయే పనులకు ముందస్తు అనుమతి ఇస్తున్నారో తెలియజేసే పత్రాలివి.

ఈ లైసెన్సుల్లో నాలుగు షరతులు ప్రధానమైనవి. రచయిత పేరు పేర్కొనాలన్నది మొదటిది. మార్చి వాడుకున్నవారు తమ రచనను కూడా అదే లైసెన్సుతో విడుదల చేయాలన్నది రెండోది. వాణిజ్య ప్రయోజనానికి వాడరాదన్నది మూడోది. మార్పులు చేసిన రూపాన్ని పంచరాదన్నది నాలుగోది. వీటిని రకరకాలుగా కలిపినప్పుడు ఆరు లైసెన్సులు ఏర్పడతాయి.

ఢిల్లీలోనో లండన్‌లోనో ఇంగ్లిష్ చదవగలిగిన పాఠకునికి ఈ తేడాలు సూక్ష్మమైనవిగా తోచవచ్చు. దంతెవాడ పాఠకునికి మాత్రం అవే నిర్ణాయకం. ఇక్కడ గోండీ, హల్బీ, ధుర్వీ, దోర్లీ మాట్లాడతారు. బడిలో హిందీ చదువుతారు. దక్షిణాన కోంటా, భోపాల్‌పట్నం వైపు వెళ్తే తెలుగు వినిపిస్తుంది. చట్టం దృష్టిలో అనువాదం కూడా మార్పే. కాబట్టి నాలుగో షరతు ఉన్న పుస్తకం ఉచితంగా దొరికినా, దాన్ని గోండీలోకో తెలుగులోకో అనువదించి పంచడం కుదరదు. మూడో షరతు ఉంటే, జగదల్‌పూర్‌లోనో భద్రాచలంలోనో ఒక చిన్న ప్రచురణకర్త అనువాదాన్ని అచ్చువేసి, కాగితం ఖర్చు రాబట్టుకోవడానికి వెల పెట్టి అమ్మడం కూడా చిక్కుల్లో పడవచ్చు.

అనుమతి ముందే ఉంటే ఏం జరుగుతుందో చూపే ఉదాహరణ ఉంది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’ వేదికపై పిల్లల కథలు రచయిత పేరు పేర్కొంటే చాలన్న లైసెన్సుతో లభిస్తాయి. ఆ వెసులుబాటు వల్లనే మధ్య భారతంలో గోండీ మాట్లాడే యువకులు, సీజీనెట్ స్వర సహకారంతో, ఆ కథలను తమ భాషలోకి తీసుకురాగలిగారు. ఒక్కో కథకు ఒక్కో ఉత్తరం రాసి, ఒక్కో అనుమతి కోసం ఎదురుచూడవలసి వస్తే ఆ పని మొదలయ్యేదే కాదు. 2011 జనగణన ప్రకారం గోండీని మాతృభాషగా నమోదు చేసుకున్నవారు సుమారు 30 లక్షల మంది. అంతమంది మాట్లాడే భాషలోకి తమ సమాజం గురించిన ప్రామాణిక గ్రంథాలు రావాలంటే ఈ రకమైన అనుమతే కావాలి.

అటవీ హక్కులకు పుస్తకంతో పనేమిటి?

2011 జనగణన నాటికి, సుక్మా ఇంకా విడిపోని దంతెవాడ జిల్లాలో అక్షరాస్యత 42 శాతం మాత్రమే. ఇటువంటి చోట పండిత గ్రంథాల గురించి చర్చించడం అనవసరమని ఎవరైనా అనుకోవచ్చు. అయితే ఆ గ్రంథాలు అవసరమయ్యే సందర్భాలను చట్టమే సృష్టించింది.

అటవీ హక్కుల గుర్తింపు చట్టం, 2006 కింద రూపొందించిన నియమాల్లో 13వ నియమం, హక్కుల నిరూపణకు ఏయే సాక్ష్యాలను గ్రామసభ పరిశీలించవచ్చో చెబుతుంది. గెజెటీర్లు, జనగణన పత్రాలు, సర్వే, సెటిల్‌మెంట్ నివేదికలు ఆ జాబితాలో ఉన్నాయి. వాటితో పాటు, ఆంత్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వంటి పేరున్న సంస్థలు ఆచారాలను, సంప్రదాయాలను నమోదు చేసిన పరిశోధనలు కూడా ఉన్నాయి. ఒక కొండ ఏ గ్రామ దేవతదో, ఒక అడవిలో పోడు, వేట, ఫలసేకరణ ఎవరు ఏ కట్టుబాట్ల ప్రకారం సాగించేవారో తెలిపే పుస్తకం కేవలం పుస్తకం కాదు, గ్రామసభ ముందుకు రాగల సాక్ష్యం. ఆ సాక్ష్యం ఎవరి గురించో వారికే అందుబాటులో లేకపోతే నియమం కాగితానికే పరిమితమవుతుంది.

2019 జూన్‌లో బైలాడీలా కొండల్లోని 13వ నిక్షేపంలో ఇనుప ఖనిజం తవ్వకాలను వ్యతిరేకిస్తూ వేలాది ఆదివాసులు కిరందుల్ వద్ద ఆందోళనకు దిగారు. ఆ కొండ తమ దేవుడు నందరాజ్ నివాసమన్నది వారి వాదన. అంతకు ఆరేళ్ల ముందు, 2013 ఏప్రిల్ 18న ఒడిశాలోని నియంగిరి కేసులో సుప్రీంకోర్టు ఆదివాసుల మతపరమైన, సాంస్కృతిక హక్కుల అంశాన్ని పరిశీలించే బాధ్యతను గ్రామసభలకు అప్పగించింది. ఇటువంటి వివాదాల్లో మౌఖిక సంప్రదాయమే ప్రథమ ఆధారం. దానికి తోడుగా దశాబ్దాల కిందటి నమోదు ఉంటే వాదనకు బలం చేకూరుతుంది. కంపెనీల, ప్రభుత్వాల న్యాయవాదులు గ్రంథాలయాలను సంప్రదించగలరు. గ్రామసభకు ఆ అవకాశం లేకపోవడం సమానత్వానికి సంబంధించిన ప్రశ్న.

తెలుగు రాష్ట్రాలకూ ఈ ప్రశ్నతో నేరుగా సంబంధం ఉంది. 2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత నాటి దంతెవాడ జిల్లా నుంచి వేలాది కుటుంబాలు గోదావరి లోయలోని అడవులకు తరలివచ్చాయి. గుత్తికోయలుగా ఇక్కడ పిలుస్తున్న ఆ కుటుంబాలకు ధ్రువీకరణ పత్రాలు, సాగుభూమి హక్కులు నేటికీ వివాదాంశాలే. వారి సామాజిక సంబంధాలను, సరిహద్దులకు ఇరువైపులా ఉన్న బంధుత్వాలను అర్థం చేసుకోవలసిన తహశీల్దారు, అటవీ అధికారి, ఉపాధ్యాయుడు, విలేఖరి తెలుగులోనే పనిచేస్తారు. బస్తర్‌పై వెలువడిన ప్రామాణిక గ్రంథాల్లో అధిక భాగం ఇంగ్లిష్‌లోనే ఉంది.

ఇప్పుడున్న వెసులుబాట్లు, వాటి హద్దులు

పరిస్థితి పూర్తిగా మూసుకుపోయి లేదు. బోధన అవసరాల కోసం పుస్తకాల భాగాలను నకలు తీసుకోవడం తప్పు కాదని ఢిల్లీ హైకోర్టు 2016లో తీర్పునిచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఒక ఫొటోకాపీ దుకాణంపై ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో వేసిన కేసు అది. 2017లో ప్రచురణకర్తలు కేసును ఉపసంహరించుకున్నారు. విద్యార్థులకు ఆ తీర్పు పెద్ద ఊరట. అయితే అది ఆధారపడిన మినహాయింపు బోధనకు సంబంధించినది. గ్రామసభ కార్యదర్శికి, అనువాదకునికి, చిన్న పత్రికకు అది వర్తించదు.

విశ్వవిద్యాలయాలకు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలను ‘శోధగంగ’ ఇంటర్నెట్‌లో అందరికీ అందిస్తోంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే ఆ భాండాగారం భారతీయ పరిశోధనకు నిజమైన ఆస్తి. విచిత్రమేమిటంటే, సిద్ధాంత గ్రంథంగా ఉన్నప్పుడు ఉచితంగా లభించిన పరిశోధన, సవరించి, మెరుగుపరచి పుస్తకంగా వెలువడే సరికి వేల రూపాయల వెల వెనక్కి వెళ్లిపోవచ్చు. పాఠకునికి చిత్తుప్రతి దొరుకుతుంది, శుద్ధప్రతి దొరకదు.

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం ఈ రంగంలో ఇటీవలి అతిపెద్ద నిర్ణయం. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించారు. 30 అంతర్జాతీయ ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు అందుతాయి. దాదాపు 1.8 కోట్ల మంది విద్యార్థులకు, అధ్యాపకులకు, పరిశోధకులకు ప్రయోజనం కలుగుతుందని ప్రభుత్వం ప్రకటించింది. 2008లో జగదల్‌పూర్‌లో ఏర్పడి, ఇప్పుడు షహీద్ మహేంద్ర కర్మ పేరుతో నడుస్తున్న బస్తర్ విశ్వవిద్యాలయం వంటి వాటికి ఇది మేలైన అవకాశం.

అయితే మూడు పరిమితులను గమనించాలి. ఒకటి, ఈ పథకం పత్రికలను ఉద్దేశించినది. మానవశాస్త్రం, చరిత్ర, సాహిత్యం వంటి రంగాల్లో ప్రధాన పరిశోధన పుస్తకాల రూపంలోనే వస్తుంది. రెండు, సంస్థలో సభ్యత్వం ఉన్నవారికే ప్రవేశం. కళాశాల విడిచిన రోజున తలుపు మూసుకుంటుంది. మూడు, ఇది చందా. చెల్లింపు ఆగితే అందుబాటూ ఆగుతుంది. స్వేచ్ఛా లైసెన్సుతో విడుదలైన పుస్తకానికి ఈ మూడు ఇబ్బందులూ లేవు. ఒకసారి ఇచ్చిన ఆ అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఖర్చు ఎవరు భరిస్తారు?

పుస్తకం ఉచితంగా దొరికినంత మాత్రాన దాని తయారీ ఉచితం కాదు. పండితుల సమీక్ష, సంపాదకత్వం, చిత్రపటాలు, పదసూచిక, అచ్చు, ప్రచారం అన్నిటికీ ఖర్చుంది. వ్యాసంతో పోలిస్తే పుస్తకానికి అది ఎన్నో రెట్లు ఎక్కువ. భారతదేశంలోని చిన్న పండిత ప్రచురణ సంస్థలు అమ్మకాలపైనే బతుకుతున్నాయి. వాటి ఆందోళనను తేలిగ్గా తీసిపారేయలేం.

పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి, ప్రచురణ రుసుమును రచయిత లేదా ఆయన సంస్థ ముందుగానే చెల్లించడం. పెద్ద సంస్థలు ఒక్కో పుస్తకానికి వేల పౌండ్లు అడుగుతాయి. భారతీయ విశ్వవిద్యాలయ అధ్యాపకునికి అది అందని ద్రాక్ష. ఈ పద్ధతిని యథాతథంగా దిగుమతి చేసుకుంటే పాఠకుని ముందున్న గేటు తీసి రచయిత ముందు పెట్టినట్లవుతుంది. బస్తర్ గురించి బయటి దేశాల పండితులు రాసినవి అందరికీ అందుతాయి, బస్తర్ నుంచి వచ్చిన తొలితరం పరిశోధకులు రాసినవి అందవు.

వేరే మార్గాలూ ఉన్నాయి. కేంబ్రిడ్జ్‌లో 2008లో పండితులే నెలకొల్పిన ఓపెన్ బుక్ పబ్లిషర్స్ ఎలక్ట్రానిక్ ప్రతిని ఉచితంగా ఇస్తూ, అచ్చుప్రతిని అమ్ముతుంది. గ్రంథాలయాల సభ్యత్వాలు, గ్రాంట్లు మిగతా భారాన్ని మోస్తాయి. అమెరికాలోని ఎంఐటీ ప్రెస్ 2021లో ప్రకటించిన విధానంలో, గ్రంథాలయాలు కలిసి చెల్లించే మొత్తంతో కొత్త పండిత గ్రంథాలు అందరికీ తెరుచుకుంటాయి. బ్రిటన్ ప్రభుత్వ పరిశోధనా నిధి సంస్థ యూకేఆర్‌ఐ తన నిధులతో సాగిన పరిశోధన ఆధారంగా 2024 జనవరి 1 తర్వాత వెలువడే గ్రంథాలు, ప్రచురణ అయిన పన్నెండు నెలల లోపు ఉచితంగా లభించాలన్న నిబంధన పెట్టింది.

ఈ నిబంధన మన ముందు ఒక వైరుధ్యాన్ని నిలుపుతోంది. బ్రిటన్ పన్నుల సొమ్ముతో బస్తర్‌పై రాసిన పుస్తకం దంతెవాడ విద్యార్థికి ఏడాదిలో ఉచితంగా అందాలి. భారతీయ పన్నుల సొమ్ముతో రాసిన పుస్తకానికి అటువంటి హామీ లేదు. శాస్త్ర సాంకేతిక, జీవసాంకేతిక శాఖలు 2014లో ప్రకటించిన ఓపెన్ యాక్సెస్ విధానం ఆ శాఖల నిధులతో వెలువడే పరిశోధన పత్రాలకు ఉద్దేశించినది. సామాజిక శాస్త్ర గ్రంథాలు దాని పరిధికి వెలుపలే ఉన్నాయి.

తలుపు తెరిస్తే ఎవరు లోపలికి వస్తారు?

స్వేచ్ఛా లభ్యతపై ఆదివాసుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం ప్రచురణకర్తల అభ్యంతరం కంటే లోతైనది. ఎల్విన్ పుస్తకాలే దీనికి ఉదాహరణ. మురియా యువతీయువకుల ఘోటుల్ వ్యవస్థను ఆయన సానుభూతితో, సవివరంగా వర్ణించారు. బయటి ప్రపంచంలో అనేకులు దాన్ని చవకబారు కుతూహలంతో చూశారు. ‘మరియా మర్డర్ అండ్ సూసైడ్’ నేరాల్లో చిక్కుకున్న వ్యక్తుల ఉదంతాలతో కూడిన పుస్తకం. వారి వారసులు నేటికీ ఆ ఊళ్లలో ఉండవచ్చు. తమ తాతముత్తాతల ఛాయాచిత్రాలు, వ్యక్తిగత విషయాలు ఎవరి ప్రకటనలోనో, పర్యాటక కరపత్రంలోనో కనిపించడానికి ఆ కుటుంబాలు ఎన్నడూ సమ్మతించలేదు. కాపీరైట్ ఎల్విన్‌ది, ఆయన ప్రచురణకర్తది. కథ చెప్పినవారికి ఎన్నడూ ఏ హక్కూ లేదు.

ఈ లోటును గుర్తించి 2019లో ఆదివాసీ పరిశోధకుల అంతర్జాతీయ కూటమి ఒకటి ‘కేర్’ పేరుతో నాలుగు సూత్రాలను ప్రతిపాదించింది. సమష్టి ప్రయోజనం, నియంత్రణాధికారం, బాధ్యత, నైతికత అన్నవి ఆ నాలుగు. సమాచారం ఎంత తెరిచి ఉందన్నదే కాక, ఎవరి మేలుకు తెరిచి ఉందన్నది కూడా చూడాలన్నది వాటి సారాంశం.

ఈ అభ్యంతరం న్యాయమైనదే. అయితే దానికి పరిష్కారం పుస్తకాన్ని మూసి ఉంచడం కాదు. వెల పెట్టగలిగిన బయటివారికి తెరిచి, వెల పెట్టలేని స్థానికులకు మూసి ఉన్న పుస్తకం ఎవరి గోప్యతనూ కాపాడదు. దాన్ని చదివి తప్పుపట్టే అవకాశాన్ని మాత్రం స్థానికులకు దూరం చేస్తుంది. పాత గ్రంథాలను తిరిగి ప్రచురించేటప్పుడు పేర్లను, చిత్రాలను ఏం చేయాలో సంబంధిత సముదాయంతో చర్చించి నిర్ణయించడం, ఆ సముదాయపు పండితుల వ్యాఖ్యానాన్ని జతచేయడం ఆచరణసాధ్యమైన మార్గాలు. కొత్త పరిశోధనల్లోనైతే, ఏది లైసెన్సుతో తెరవాలో, ఏది తెరవకూడదో రాతప్రతి దశలోనే తేల్చుకోవచ్చు.

తెలుగువారి వాటా

దంతెవాడ జిల్లాలోని బార్సూర్‌లో శక సంవత్సరం 983 నాటి, అంటే సుమారు 1060 నాటి తెలుగు శాసనం లభించింది. ఛిందక నాగవంశ రాజు జగదేకభూషణుని సామంతుడు చంద్రాదిత్యుడు కట్టించిన గుడి గురించి అది చెబుతుంది. కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తర్ రాజవంశాన్ని స్థాపించినట్లు చెప్పే 1703 నాటి శాసనం దంతెవాడలోనే ఉంది. హీరాలాల్ వంటి పండితులు ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించిన బస్తర్ శాసనపాఠాలు ఎప్పుడో సార్వజనికమయ్యాయి. 1927 నుంచి 1931 వరకు బస్తర్ పాలనాధికారిగా పనిచేసి, తర్వాత హైదరాబాద్ సంస్థానంలో రెవెన్యూ బాధ్యతలు నిర్వహించిన విల్ఫ్రిడ్ గ్రిగ్సన్ 1938లో ప్రచురించిన ‘ది మరియా గోండ్స్ ఆఫ్ బస్తర్’పై కూడా మన దేశంలో కాపీరైట్ గడువు తీరిపోయింది, ఆయన 1948లో మరణించారు.

ఆదిలాబాద్ గోండుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పరిస్థితి వేరు. ఆయన 1995లో కన్నుమూశారు. కాబట్టి గడువు కోసం ఎదురుచూస్తే ఆయన రచనలు 2056లో గానీ సార్వజనికం కావు. అయినా 1982 నాటి ఆయన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోనిస్తోంది. హక్కుదారు తలచుకుంటే అరవై ఏళ్లు ఆగనక్కర్లేదనడానికి ఇది నిదర్శనం. తెలుగులోకి అనువదించాలంటే మాత్రం హక్కుదారు అనుమతి కావాలి.

పుస్తకాలను డిజిటల్ రూపంలోకి తేవడంలో తెలుగువారి అనుభవం తక్కువేమీ కాదు. చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి నేతృత్వం వహించిన ‘మిలియన్ బుక్’ ప్రాజెక్టు వల్లనే వేలాది తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్‌కు ఎక్కాయి. ఆ ప్రయత్నానికి భారతీయ రూపమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తర్వాత కాపీరైట్ చిక్కుల నడుమ మూతపడింది. అనుమతుల లెక్క ముందే తేల్చుకోకుండా స్కానింగ్ చేస్తే శ్రమ ఎలా ప్రమాదంలో పడుతుందో ఆ అనుభవం నేర్పింది. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు నేటికీ కాపీరైట్ తీరిన పుస్తకాలను అక్షరం అక్షరం సరిచూసి పెడుతున్నారు.

ఈ నేపథ్యంలో మూడు నిర్ణయాలు పెద్ద ఖర్చు లేకుండానే సాధ్యమవుతాయి. జగదల్‌పూర్‌లో కేంద్రమున్న ఆంత్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, హైదరాబాద్‌లోని గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ తమ ప్రచురణలను అనువాదానికి వీలిచ్చే లైసెన్సుతో విడుదల చేయవచ్చు. అవి ప్రజాధనంతో వెలువడినవే, హక్కుల నిర్ణయమూ ప్రభుత్వానిదే. ప్రభుత్వ గ్రాంటుతో పుస్తకం రాసేవారికి, నిర్ణీత కాలం తర్వాత ఉచిత ప్రతి ఉండాలన్న షరతును గ్రాంటుతో పాటే పెట్టవచ్చు. ఆ ఖర్చులో కొంత గ్రాంటులోనే చేర్చవచ్చు. తెలుగు విశ్వవిద్యాలయాలు కాపీరైట్ తీరిన బస్తర్ గ్రంథాలను గోండు, కోయ పండితుల వ్యాఖ్యానంతో అనువదింపజేయవచ్చు.

ఒక హెచ్చరిక అవసరం. ఎల్విన్ పుస్తకాల గడువు తీరింది భారతదేశంలోనే. డెబ్బై ఏళ్ల గడువు ఉన్న బ్రిటన్‌లో అవి 2034 చివరి వరకు రక్షణలోనే ఉంటాయి. ఇటీవలి పునర్ముద్రణలకు ఇతరులు రాసిన ముందుమాటలపై హక్కులు ఆ రచయితలవే. కాబట్టి అనువాదానికి పూనుకునేవారు తొలి ముద్రణనే ఆధారంగా తీసుకోవాలి. ఆ మేరకు చట్టపరమైన దారి ఇప్పటికే తెరుచుకుంది. ఆ పుస్తకాన్ని గోండీలోనో తెలుగులోనో దంతెవాడ కళాశాల బల్లమీదికి చేర్చే సంస్థ ఏదన్నదే ఇక తేలవలసింది.